పాప్-అప్ క్యాంపర్ ఉన్న తోటివాళ్ళను దారిలో గుర్తుపట్టి కలుసుకోవడం ఎలా? శ్రీకాకుళం, విజయనగరం దారులకు ఒక మార్గదర్శి

పికప్ బండి తొట్టెలో కూర్చుని, నడిచినంతసేపూ అణిగి ఉండి, ఆపాక పైకప్పు లేపితే గుడ్డ గోడలతో మనిషి నిలబడేంత గదిగా మారే పాప్-అప్ క్యాంపర్లు మన వైపు ఇంకా అరుదే. ఇసుజు వీ-క్రాస్ పికప్ 2016 నుంచి మన శ్రీసిటీలోనే తయారవుతోంది. టొయోటా హైలక్స్ 2022లో వచ్చింది. బండ్లు ఉన్నాయి గానీ వాటి వెనక ఇల్లు కట్టుకున్నవాళ్ళు తక్కువ. అమెరికాలో కంపెనీలు 1970ల నుంచే ఇలాంటివి తయారుచేసి అమ్ముతున్నాయి కాబట్టి, అక్కడ దారిలో ఒకరికొకరు ఎదురుపడటం వింత కాదు. ఇక్కడ అదృష్టానికి వదిలేస్తే ఏడాదంతా తిరిగినా ఒక్కరూ తగలరు.

కాబట్టి వెతకాలి. పెద్ద విద్యేమీ అక్కర్లేదు. ఆ బండికి ఏం కావాలో మీకు తెలుసు, మీ బండికీ అవే కావాలి గనక. చదునైన గట్టి నేల, మంచినీళ్ళు, గాలికి అడ్డు, రాత్రి ఎవరూ లేపని చోటు. విజయనగరం దగ్గరి నాతవలస నుంచి ఒడిశా సరిహద్దులోని ఇచ్ఛాపురం దాకా ఇవన్నీ ఒకేచోట దొరికే తావులు లెక్కపెట్టేటన్నే ఉన్నాయి. వాటి దగ్గర సరైన కాలంలో ఉంటే చాలావరకు పని అయినట్టే.

1. ముందు బండిని గుర్తుపట్టాలి

పదహారో నంబరు జాతీయ రహదారి మీద మీకు దొరికే సమయం నాలుగైదు సెకన్లు. మధ్యలో డివైడర్, మీరు గంటకు 80 కిలోమీటర్లు, ఎదుటి బండీ 80. అంటే సెకనుకు దాదాపు 44 మీటర్ల చొప్పున దగ్గరవుతున్నారు. రెండు వందల మీటర్ల దూరంలో అనుమానం వస్తే, అది తీరేలోపు బండి దాటిపోతుంది. ఏం చూడాలో కంటికి ముందే తెలిసి ఉండాలి.

మొదట ఎత్తు చూడండి. పైకప్పు దించిన పాప్-అప్ క్యాబిన్ కంటే ఓ అడుగు ఎత్తుంటుంది, అంతే. గోడలు కదలని పెట్టె క్యాంపరైతే లారీలా నిలువుగా కనిపిస్తుంది. తర్వాత డ్రైవర్ తల మీదికి ముందుకు పొడుచుకొచ్చిన భాగం చూడండి. మంచం ఉండేది అక్కడే. అది పలచగా, అప్పచ్చిలా ఉందంటే పైకప్పు లేచే రకమే. కాస్త దగ్గరైతే పైకప్పుకూ కింది గోడకూ మధ్య చుట్టూ తిరిగిన అతుకు గీత, దాన్ని బిగించి పట్టిన క్లిప్పులు కనిపిస్తాయి.

ఆగి ఉన్న బండి అయితే ఇంకా సులువు. వెనక కిందికి దించే పికప్ తలుపు బదులు మనిషి దూరేంత చిన్న తలుపు ఉంటుంది. పక్కన ఫ్రిజ్ గాలి కోసం జాలీ, నీళ్ళు నింపే మూత, గ్యాస్ సిలిండర్ అర ఉంటాయి. అన్నిటికన్నా నమ్మదగిన గుర్తు నాలుగు మూలల్లో ఉండే జాకీ కాళ్ళు, లేదా వాటిని తగిలించే బ్రాకెట్లు. క్యాంపర్‌ను దింపి బండిని విడిగా వాడుకునేవాళ్ళకు తప్ప అవి ఇంకెవరికీ అక్కర్లేదు.

మన తీరంలో కంటిని మోసం చేసే బండ్లు చాలా ఉన్నాయి. రొయ్యల చెరువుల నుంచి ఐసు పెట్టెలతో పరిగెత్తే వ్యాన్లు దూరం నుంచి అచ్చం క్యాంపర్ లాగే ఉంటాయి. 2021లో మొదలై 2025లో ఆగిపోయిన ఇంటింటి రేషన్ బండ్లను కొందరు ఇప్పుడు వేరే పనులకు వాడుతున్నారు, అవీ అంతే. వెనక పెద్ద అక్షరాలతో బొలెరో క్యాంపర్ అని రాసుంటే ఆశపడకండి, అది రెండు వరసల సీట్లున్న మామూలు పికప్. తొట్టె మీద గట్టి మూత వేసి దాని మీద మడత టెంటు కట్టుకున్నవాళ్ళు కూడా తగులుతారు. వాళ్ళది పాప్-అప్ కాదని చూపు తిప్పుకోవడం నాకు నచ్చదు. రాత్రి రోడ్డు పక్కన పడుకునేవాళ్ళందరి కష్టాలూ ఒకటే.

నంబరు ప్లేటు కూడా కొంత చెబుతుంది. ఓడీ 07 అంటే పక్కనున్న గంజాం, ఓడీ 10 అంటే కొరాపుట్. వాళ్ళు బహుశా ఒక రాత్రి కోసం వచ్చినవాళ్ళు, సాయంత్రం తీరిగ్గా దొరుకుతారు. బెంగాల్, కర్ణాటక, మహారాష్ట్ర ప్లేట్లు దూర ప్రయాణీకులవి. వాళ్ళకు రేపటి గమ్యం ముందే ఖాయమై ఉంటుంది కాబట్టి పొద్దున్నే వెళ్ళిపోతారు. బీహెచ్ సిరీస్ ఎక్కువగా బదిలీ ఉద్యోగాల వాళ్ళది.

2. ఏ నెలలో ఏ దారి

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా తీరం దారి చూడండి. అందులోనూ నవంబరు చివరి వారం బాగా పనికొస్తుంది. నాగాలాండ్‌లో హార్న్‌బిల్ పండగ డిసెంబరు 1 నుంచి 10 దాకా, కోణార్క్ నృత్యోత్సవం 1 నుంచి 5 దాకా జరుగుతాయి. దక్షిణాది నుంచి బండి మీద వాటికి పోయేవాళ్ళకు మన జిల్లాలు దాటడమే దగ్గరి దారి. డిసెంబరు మధ్యలో అదే దారిన వెనక్కి వస్తారు. పోయేటప్పుడు తొందర, వచ్చేటప్పుడు తీరిక. కూర్చోబెట్టి మాట్లాడాలంటే తిరుగు ప్రయాణంలోనే పట్టుకోండి.

అక్టోబరును నమ్ముకోవద్దు. దసరా సెలవుల్లో బెంగాల్ బండ్లు అరకు వైపు వస్తాయి, నిజమే. కానీ 2014లో హుద్‌హుద్ తుఫాను తీరం దాటింది అక్టోబరు 12న, 2018లో తిత్లీ మన పలాస వైపు విరుచుకుపడింది అక్టోబరు 11న. గుడ్డ గోడల ఇల్లున్నవాడు ఆ వారం సముద్రం పక్కన ఉండడు, ఉండకూడదు కూడా.

ఏప్రిల్, మే నెలల్లో తీరం మీద ఉక్కకు ఆ గుడ్డ గదిలో నిద్రపట్టదు. అప్పుడు అందరూ కొండెక్కుతారు. కాబట్టి మీరూ దారి మార్చి, నాతవలస నుంచి విజయనగరం, గజపతినగరం, రామభద్రపురం, సాలూరు మీదుగా కొరాపుట్ పోయే 26వ నంబరు జాతీయ రహదారి చూడండి. ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తయిన దేవమాలి కొండ, 1,672 మీటర్లు, అటే ఉంది.

ఇంకో గుర్తు వాన. తడిసిన గుడ్డను మడిచి పైకప్పు దించేస్తే మర్నాటికి బూజు పడుతుంది. అందుకే రాత్రి వాన కురిసి పొద్దున ఎండ కాస్తే, మిట్టమధ్యాహ్నం సంబంధం లేని చోట్ల పైకప్పులు లేచి ఉంటాయి. బంకు వెనక, కల్యాణ మండపం ముందు, మూసేసిన దాబా ఆవరణలో. మామూలు రోజుల్లో కనపడనివాళ్ళు ఆ రోజు ఖాళీగా, గుడ్డ ఆరేదాకా కదల్లేక కూర్చుని ఉంటారు. పలకరించడానికి అంతకంటే మంచి వేళ లేదు.

3. వాళ్ళు ఆగే తావులు

బీచ్ అనగానే అందరూ ఇసుక అంచున వెతుకుతారు. అక్కడ దొరకరు. సముద్రపు గాలికి గుడ్డ రాత్రంతా పటపటలాడుతుంది. తెలిసినవాళ్ళు సరుగుడు తోట చాటున, బండి ముందు భాగం గాలికి ఎదురుగా పెట్టి ఆపుతారు. గార మీదుగా వెళ్ళే కళింగపట్నంలో, సోంపేట పక్కన బారువలో, పలాస వైపు అక్కుపల్లి శివసాగర్ బీచ్‌లో, పూసపాటిరేగ మండలం చింతపల్లిలో ముందు తోటల వెనక దారులు చూసి, తర్వాతే ఒడ్డుకు పోండి. డిసెంబరు నుంచి టెక్కలి దగ్గరి తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు కనువిందు చేస్తాయి. పొద్దున వాటిని చూడ్డానికి పెద్ద లెన్సులతో వచ్చేవాళ్ళలో బండిలోనే రాత్రి పడుకున్నవాళ్ళు ఒకరిద్దరు ఉంటే ఉండొచ్చు.

లోపలి వైపు అయితే గంట్యాడ దగ్గర తాటిపూడి జలాశయం. శృంగవరపుకోట మీదుగా అరకు పోయేవాళ్ళు ఘాట్ రేపెక్కుదామనుకుంటే ఆ చుట్టుపక్కలే ఆగుతారు.

డీజిల్ సంగతి మర్చిపోవద్దు. ఆంధ్రా కంటే ఒడిశాలో డీజిల్ చవక. ఉత్తరానికి పోయే బండి ఇచ్ఛాపురం దాటాక నింపుకుంటుంది, దక్షిణానికి వచ్చే బండి దాటకముందే నింపుకుంటుంది. రెండు వైపుల వాళ్ళూ ఆగేది సరిహద్దు అవతలి బంకుల్లోనే. అక్కడ టీ తాగుతూ అరగంట కూర్చోవడం టోల్‌గేటు దగ్గర కాపు కాయడం కన్నా మేలు. ఫాస్టాగ్ వచ్చాక మడపాం అయినా నాతవలస అయినా టోల్ దగ్గర ఎవరూ ఆగరు, మీరు ఆగినా సిబ్బంది ఊరుకోరు.

నా లెక్కలో అన్నిటికన్నా మంచి తావు సాలూరు. 2022 దాకా విజయనగరం జిల్లాలో ఉండి, ఇప్పుడు పార్వతీపురం మన్యంలోకి వెళ్ళిన ఈ ఊరు లారీలకు పెట్టింది పేరు. బాడీ కట్టే షెడ్లు, వెల్డింగ్, పెయింటింగ్, సీటు కుట్టేవాళ్ళు, స్ప్రింగ్ పట్టీలు సరిచేసేవాళ్ళు అందరూ ఒకేచోట ఉంటారు. పైకప్పు అతుకు వదులైనా, జాకీ బ్రాకెట్ విరిగినా, రాత్రికల్లా పని చేసిపెట్టగల చేతులు అక్కడున్నాయి. పైగా ఊరు దాటగానే సుంకి ఘాట్. క్యాంపర్‌ను తొట్టెకు కట్టి ఉంచే బిగింపులు ఘాట్ ఎక్కే ముందు సరిచూసుకోవాలన్నది ఎవరికైనా తట్టే జాగ్రత్త. వెల్డింగ్ షెడ్డు మేస్త్రీతో ఒకసారి పరిచయం పెట్టుకోండి. "ఇలాంటి బండి మళ్ళీ వస్తే చెప్పండి బాబాయ్" అని ఫోన్ నంబరు ఇచ్చి రండి. ఎవరి బండి ఎప్పుడు వచ్చిందో, ఏం విరిగిందో ఆయనకు మనకంటే బాగా గుర్తుంటుంది.

4. ఎదురుపడితే రోడ్డు మీద ఏం చేయాలి

హెడ్‌లైట్లు కొట్టొద్దు. మన రోడ్ల మీద దానికి పక్కకు తప్పుకో అనో, ముందు పోలీసులున్నారనో అర్థం. అవతలివాడు కంగారుపడి బ్రేకు వేస్తాడు. అద్దంలోంచి చెయ్యి పైకెత్తి ఊపండి, చాలు.

డివైడర్‌కు అవతల పోతున్న బండి కోసం రాంగ్ రూటులో తిరగడం సంగతి అసలు తలపెట్టొద్దు. తర్వాతి జంక్షన్ దగ్గర తిరిగినా పది కిలోమీటర్లు వెనకబడతారు. ఆ బండిని వదిలేయండి.

ఒకే వైపు పోతుంటే మాత్రం అవకాశం ఉంది. వాళ్ళను దాటండి, దాటేటప్పుడు చెయ్యి ఊపండి, ఓ కిలోమీటరు ముందుకెళ్ళి ఎడమ ఇండికేటర్ వేసి బంకులోకో దాబాలోకో మెల్లగా తిరగండి. మీ బండి వెనక భాగం చూశాక వాళ్ళకు ఆగాలనిపిస్తే ఆగుతారు. ఆగకపోతే అదే జవాబు. గంటసేపు వెనకాలే పోతే, అందులో కుటుంబం ఉంటే ఎంత భయపడతారో ఆలోచించండి.

5. పలకరింపు

పైకప్పు దించి ఉంటే అది బండి. దగ్గరికి వెళ్ళి చూడొచ్చు, మాట కలపొచ్చు. పైకప్పు లేచి ఉంటే అది ఇల్లు. ఇంటి ముందుకు వెళ్ళినట్టే వెళ్ళాలి. పది పదిహేను అడుగుల దూరంలో ఆగి "అన్నా, నమస్తే" అని పిలవండి. గుడ్డ గోడ కాబట్టి మాట లోపలికి వినపడుతుంది, తలుపు కొట్టాల్సిన పనిలేదు. కిటికీ జాలీలోంచి తొంగిచూడటం ఎంత తప్పో వేరే చెప్పాలా? చీకటి పడ్డాక పిలవొద్దు. ఆ రాత్రికి ఆగి, పొద్దున టీ వాసన వచ్చాక వెళ్ళండి. మన తీరంలో డిసెంబరులో కూడా ఆరున్నరకల్లా సూర్యుడు వచ్చేస్తాడు, ఏడింటికి అందరూ బయటే ఉంటారు.

మీ బండి వాళ్ళకు కనపడేలా ఆపి, ఇంట్లోవాళ్ళతో కలిసి వెళితే సగం అనుమానం అక్కడే పోతుంది. ఒంటరిగా ఆడవాళ్ళు ప్రయాణం చేస్తున్న బండి అనిపిస్తే మీ ఇంటి ఆడవాళ్ళను ముందు మాట్లాడనివ్వండి. బెంగాలీలైతే దాదా అంటే చాలు, సంబరపడిపోతారు. ఎడమ వైపు స్టీరింగ్ ఉన్న విదేశీ బండి అయితే ముందు నీళ్ళ సంగతి అడగండి, వాళ్ళకు నిజంగా కావాల్సిన సాయం అదే.

అడగకూడనివి కొన్ని ఉన్నాయి. ఎంతైంది అని మొదటి మాటగా అడగొద్దు. ఊళ్ళోవాళ్ళు ఎలాగూ అడిగే ఉంటారు, "ఏటి బాబూ, బండి మీద ఇల్లు కట్టీసినారేటి, ఎంతయ్యిందేటి" అని. ఆర్టీవో వాళ్ళు పట్టుకోలేదా అన్నది రెండోది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన బండి రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడాన్ని ఒప్పుకోదు, ఆ టెన్షన్ ఇలాంటి బండి ఉన్న ప్రతివాడికీ ఉంటుంది. చనువు కుదిరాక వాళ్ళే చెబుతారు. నంబరు ప్లేటు పడేలా ఫొటో తీయడం, వాళ్ళు ఇంకా అక్కడే ఉండగా ఆ చోటు ఫలానా అని పదిమందికీ పంపడం అస్సలు వద్దు.

6. మాట కలిశాక

చేతిలో ఏదైనా ఉంటే మాట త్వరగా సాగుతుంది. పలాస జీడిపప్పు, మందస కోవా, ఉద్దానం కొబ్బరి బొండాలు ఇక్కడివాళ్ళం మనకు మామూలే, దూరం నుంచి వచ్చినవాళ్ళకు కాదు. మీ పైకప్పు లేపి లోపలికి రమ్మనండి. తనది చూపించమని అడిగేకన్నా మనది ముందు చూపిస్తే ఎవరైనా మొహమాటపడకుండా తనదీ చూపిస్తారు.

అడిగి తెలుసుకోవాల్సినవి: పైకప్పు లేపే గ్యాస్ రాడ్లు ఎన్నాళ్ళు ఆగాయి, ఏ గుడ్డ వాడారు, బూజు ఎలా వదిలించారు, ఉప్పుగాలికి ఏ బోల్టులు ముందు తుప్పు పట్టాయి, నిండా సామాను వేసుకుని తూకం వేయించారా, వెనక టైర్లలో ఎంత గాలి కొడుతున్నారు. తూకం సంగతి గట్టిగా అడగండి. క్యాంపర్, నీళ్ళు, బ్యాటరీలు, మనుషులు అన్నీ కలిపి వేబ్రిడ్జి ఎక్కించి చూసుకున్నవాళ్ళు తక్కువ, చూసుకున్నవాళ్ళ అనుభవం మీకు డబ్బు మిగులుస్తుంది.

మీరు చెప్పాల్సినవి ఈ ప్రాంతం సంగతులు. తీరం వెంట చాలా బోర్లలో నీళ్ళు ఉప్పన, ఏ ఊళ్ళో మంచినీళ్ళ ప్లాంటు ఉందో చెప్పండి. అయిదు కిలోల ఛోటూ సిలిండర్ దగ్గర్లో ఎక్కడ దొరుకుతుందో చెప్పండి. టాయిలెట్ పెట్టె ఖాళీ చేయడానికి ఏ బంకు వాళ్ళు ఒప్పుకుంటారో చెప్పండి, ఈ ఒక్క సమాచారానికి వాళ్ళు మిమ్మల్ని చాలాకాలం తలుచుకుంటారు.

7. నలుగురూ కలిసి ఒక రాత్రి ఆగాలంటే

పరిచయాలు నాలుగైదు అయ్యాక కలిసి ఆగాలనిపిస్తుంది. నాలుగైదు బండ్లకు మించకండి. అంతకు మించితే ఊరికి అది తిరనాళ్ళు అవుతుంది.

చోటు ఎంపికలో అసలు కష్టం నేల ఎవరిదో తెలుసుకోవడం. వరి కోసిన మడి ఖాళీగా ఉందని బండి దించొద్దు. మన జిల్లాల్లో కోతకు ముందే మినుములు, పెసలు చల్లేస్తారు, మొలకలు కంటికి ఆనవు. విజయనగరం మామిడి తోటలు బాగుంటాయి గానీ డిసెంబరు, జనవరిల్లో పూత మీద మందు కొడుతుంటారు, కాపు మీద ఉన్నప్పుడు కావలివాళ్ళు రానివ్వరు. వానలు తగ్గి పూత ఇంకా రాని నవంబరే తోటలకు సరైన నెల. రైతును అడిగి, రాత్రికి ఇంత అని ముందే మాట్లాడుకుని, ఆ ఊరి సర్పంచ్‌కో పెద్దమనిషికో ఒక మాట చెప్పండి. బీచ్ దగ్గరైతే వలలు ఆరేసే చోటు వదిలి ఆపండి. కళింగపట్నం, బారువల్లో మెరైన్ పోలీస్ స్టేషన్లు ఉన్నాయి, వెళ్ళి చెప్పి వస్తే అర్ధరాత్రి టార్చిలైటు ముఖం మీద పడదు.

ఉద్దానం జీడితోటల్లో మాత్రం వద్దంటాను. మందస, వజ్రపుకొత్తూరు వైపు ఎలుగుబంట్లు తిరుగుతాయి, మనుషుల మీద పడిన సంఘటనలూ ఉన్నాయి. పనసపండు, జీడిమామిడి వాసనకు వచ్చేవి మీ వంట వాసనకు రావా? గుడ్డ గోడ వాటిని ఆపదు. సీతంపేట, హిరమండలం వైపు ఏనుగుల గుంపు తిరుగుతుంటుంది, అక్కడ ఆగే ముందు అటవీ శాఖ వాళ్ళను అడగాల్సిందే.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెడతాయి. పిల్లలు వెలుగు వైపు నడుస్తాయి కాబట్టి మీ క్యాంపర్ దీపాలు చూసి సముద్రానికి బదులు రోడ్డు మీదికి వచ్చేస్తాయి. ఆ నెలల్లో సముద్రం వైపు కిటికీలు మూసి, బయటి లైట్లు ఆపేయండి. ఇసుక మీదికి బండి అసలు దించొద్దు, గుడ్లు ఎక్కడ పూడ్చి ఉన్నాయో పైకి తెలియదు.

వాయుగుండం వార్త వస్తే బేరాలాడకుండా రద్దు చేసుకోండి. అప్పటికే తీరంలో ఉంటే ముందు పైకప్పులు దించి, క్లిప్పులు బిగించి, వెలుగుండగానే విజయనగరం వైపు లోపలికి కదలండి. ఎవరి బండి అయినా దారిలో మొరాయిస్తే జాతీయ రహదారి సహాయం నంబరు 1033, ప్రాణం మీదికి వస్తే 112. వెళ్ళేముందు ఎవరు ఏ దారిన పోతున్నారో ఒకరికొకరు చెప్పుకుని, చేరాక ఒక మెసేజ్ పెట్టుకోండి.